బేసరిలో ఏడు రాళ్లు

అమ్మ పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం నాటికి పటం కట్టించాలని 16 బై 20 సైజు అనుకున్నాం. ఫొటో మూడేళ్ల కిందటిది. డాలస్‌లో తమ్ముడి ఇంటికి వెళ్లినప్పుడు వాడి ఫోన్‌తో తీశాడు. ఎర్ర కంచిపట్టు చీర, ముక్కుకి బేసరి, కిటికీ పక్కన కూర్చుని నవ్వుతోంది. అప్పట్లోనే ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు, నేను దాచుకున్నాను. దాని బరువు 210 కేబీ. పెద్దది చేస్తే మసగ్గా ఉంటుందేమోనని భయం వేసింది. పీఎన్‌జీ అయితే క్వాలిటీ బాగుంటుందని ఎవరో చెబితే, ఒక యాప్‌లో పీఎన్‌జీగా మార్చాను. 3 ఎంబీ అయింది. బొమ్మ బాగుపడిందనే నమ్మాను. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని తెనాలిలో మాకు తెలిసిన స్టూడియోకి వెళ్లాను.

స్టూడియో ఆయన డార్క్‌రూమ్ రోజుల నుంచీ ఈ పనిలో ఉన్నాడు. ఆయన మేనకోడలు హైదరాబాద్‌లో ఒక ప్రెస్సులో ప్రీప్రెస్ సెక్షన్లో పనిచేస్తుంది. సెలవులకి వచ్చి సిస్టం ముందు ఆ అమ్మాయే కూర్చుంది. నా ఫైలు తెరవడంతో మొదలైన మాట మధ్యాహ్నం దాకా సాగింది. గుర్తున్నంత మేరకు ఇక్కడ పెడుతున్నాను.

అమ్మాయి: మాస్టారూ, ఫైలు 3 ఎంబీ ఉంది కానీ లోపలున్న సరుకు ఆ 210 కేబీదే. పొడుగు 1600, వెడల్పు 1200 పిక్సెళ్లు. అంతకు మించి ఏమీ లేదు.

నేను: పీఎన్‌జీ మంచిదన్నారే?

అమ్మాయి: మంచిదే. ఇచ్చింది ఇచ్చినట్టు దాస్తుంది, ఒక్క చుక్క రంగు కూడా మార్చదు. కానీ మీరు దానికిచ్చింది అప్పటికే చెడిన బొమ్మ. ఆ చెడునీ అలాగే భద్రంగా దాచింది. పల్చటి మజ్జిగని పెద్ద కుండలో పోస్తే చిక్కబడదు కదండీ.

మామయ్య: జూమ్ చేసి చూపించు. చూస్తేనే ఆయనకి తెలుస్తుంది.

చూపించింది. నాలుగు రెట్లు పెద్దది చేసేసరికి అమ్మ ముక్కు మీద బేసరి ఉండాల్సిన చోట తెల్లటి మరక ఒకటి, దాని చుట్టూ బూడిదరంగు నలుసులు. చీర అంచులో జరీ గీతలు లేవు. ఎరుపూ పసుపూ కలిసిన ముద్ద ఉంది. చెంప మీద చిన్న చిన్న చదరపు గడులు కనిపించాయి.

అమ్మాయి: ఇదండీ జేపెగ్ చేసే పని. అందుకే మామయ్యతో నా గొడవ.

మామయ్య: ఆగు తల్లీ. అది జేపెగ్ చేసిన పని కాదు. జేపెగ్‌ని పీక నొక్కి వాడితే వచ్చిన ఫలితం. కత్తి తెగ్గోసిందని కమ్మరిని తిడతామా? ఇన్నేళ్లుగా జేపెగ్‌లోంచే ఆల్బమ్‌లు వేస్తున్నా. ఒక్క కస్టమరు వెనక్కి తెచ్చాడేమో అడుగు.

అమ్మాయి: వెనక్కి తేలేదంటే చూసుకోలేదని. అసలు అది ఎలా పనిచేస్తుందో మాస్టారికి చెప్పనీ, తర్వాత తేల్చుకుందాం. మాస్టారూ, మన కంటికి వెలుగునీడల్లో తేడా పట్టుకునే శక్తి ఎక్కువ, రంగుల్లో తేడా పట్టుకునే శక్తి తక్కువ. జేపెగ్ దీన్నే వాడుకుంటుంది. బొమ్మని వెలుగు ఒక పక్క, రంగు ఒక పక్క అని విడదీస్తుంది. వెలుగు పూర్తిగా ఉంచుతుంది. రంగుని మాత్రం చాలాసార్లు నిలువునా సగం, అడ్డంగా సగం చేసి, నాలుగు చుక్కలకి ఒకే రంగు రాసుకుంటుంది. తర్వాత బొమ్మనంతా 8 బై 8 గడులుగా కోస్తుంది. గడికి 64 చుక్కలు. ఆ 64 అంకెల్ని అలల కింద మారుస్తుంది. పెద్ద అలలంటే గడిలో మొత్తం మీద వెలుగెంత, ఎటు వాలింది అన్నవి. చిన్న అలలంటే వెంట్రుక, జరీ పోగు, బేసరి రాయి. ఆ చిన్న అలల్ని గుండుగుత్తగా దగ్గరి అంకెకి సర్దేస్తుంది. చాలావాటికి సున్నా వస్తుంది. సున్నాలు దాచడానికి చోటెంత కావాలి?

మామయ్య: ఆ అలల లెక్క కనిపెట్టింది ఎవరో కూడా చెప్పు.

అమ్మాయి: అది నిజంగా చెప్పుకోవాల్సిందే. డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అంటారు దాన్ని. 1974 జనవరిలో ముగ్గురు కలిసి పేపరు వేశారు. బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్ గారు, టి. నటరాజన్ గారు, కె. ఆర్. రావు గారు. రావు గారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు.

ఆ పేరు వినగానే నేను కుర్చీలో ముందుకి జరిగాను. ఆ రావు గారు ఆర్లింగ్టన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు పాఠాలు చెప్పి, 2021లో కన్నుమూశారు. ఆర్లింగ్టన్ డాలస్ పక్క ఊరే. అమ్మ ఫొటో తీసిన ఇంటికి కారులో పోయేంత దూరం. మన ఇళ్లలో రోజూ తిరిగే దాదాపు ప్రతి ఫొటోలోనూ ఆయన చేతి లెక్క ఉంది. పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు ఉండాలని గట్టిగా కోరుకుంటున్నాను.

అమ్మాయి: ఆ లెక్క పునాదిగా 1992లో జేపెగ్ ప్రమాణం వచ్చింది. దాన్ని నేను కాదనను. కానీ మాస్టారూ, మీ అమ్మగారి చీర ఎరుపు చూడండి. ఎరుపులో వెలుగు తక్కువ, రంగే ఎక్కువ. చీర నేతలో తేడాలన్నీ ఆ రంగులోనే ఉంటాయి. జేపెగ్ మొదట కోసేది రంగుని. అందుకే ఎర్రపట్టు మీద నేత ముందు పోతుంది, ఎర్ర అంచు ముందు చెదురుతుంది. మన పెళ్లిళ్లలో ఎరుపు లేని ఫొటో ఏది?

మామయ్య: అయిపోయిందా? ఇప్పుడు నా లెక్క విను. ఆల్బమ్ షీటు 12 బై 36 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కలంటే 3600 బై 10800. దాదాపు 3 కోట్ల 89 లక్షల చుక్కలు. చుక్కకి మూడు బైట్లు. కంప్రెస్ చేయకుండా టిఫ్‌లో పెడితే షీటు 116 ఎంబీ. 40 షీట్లు ఉంటే నాలుగున్నర జీబీ దాటుతుంది. అదే షీటు ఫొటోషాప్‌లో నాణ్యత 10వ మెట్టు మీద జేపెగ్ చేస్తే మన సిస్టంలో 15, 20 ఎంబీ వస్తోంది. ఆల్బమ్ మొత్తం 800 ఎంబీ లోపు. సాయంత్రం ల్యాబుకి పంపిస్తే పొద్దున్నకి మిషన్ మీద ఉంటుంది. ఇంకో సంగతి, ల్యాబు వాడు అడిగేదే జేపెగ్. వాడి మిషన్ రంగుకి 256 మెట్లే తీసుకుంటుంది. నువ్వు 65 వేల మెట్ల టిఫ్ ఇచ్చినా లోపల 256కి దించుకునే అచ్చు వేస్తుంది.

అమ్మాయి: అందరూ అడుగుతున్నారని అదే మేలైనది అయిపోదు మామయ్యా.

మామయ్య: మేలూ కీడూ మాటలతో తేలవు.

ఆయన లేచి బీరువాలోంచి రెండు ప్రింట్లు తీశాడు. 8 బై 12 సైజు, ఒకటే ఫొటో. జడ వేసి పూలు తురిమిన పెళ్లికూతురు, వెనక నుంచి. ఒకటి టిఫ్ నుంచి, ఒకటి 10వ మెట్టు జేపెగ్ నుంచి. ఏది ఏదో వెనక పెన్సిల్‌తో రాసి ఉంది. తిప్పకుండా చెప్పమన్నాడు. గుమ్మం దగ్గర వెలుతుర్లోకి తీసుకెళ్లి చూశాను. భూతద్దం ఇచ్చాడు. మల్లెమొగ్గల తొడిమలు, జడకుప్పెల దారాలు రెండింట్లోనూ ఒకేలా ఉన్నాయి. నాకు తెలియలేదు. అమ్మాయి తీసుకుని చాలాసేపు చూసి, ఎడమ చేతిలోది టిఫ్ అంది. వెనక్కి తిప్పితే అది జేపెగ్.

మామయ్య: కోప్పడకు. నేనూ తప్పే చెప్పా, మొదటిసారి. ఇంకోటి చెప్పనా? సినిమా హాల్లో ఇప్పుడు వేసేది రీలు కాదు. హార్డ్‌డిస్క్‌లో వచ్చే సినిమాలో ప్రతి ఫ్రేమూ జేపెగ్ 2000 అనే పద్ధతిలో కుదించిందే. ఆ కుదింపులో కొంత పోతూనే ఉంటుంది. అంత పెద్ద తెర మీద కనిపించనిది నా 12 అంగుళాల షీటు మీద కనిపిస్తుందా?

అమ్మాయి: సరే, ఒప్పుకున్నా. ఒక్కసారి మంచి మెట్టు మీద సేవ్ చేసిన జేపెగ్‌కీ టిఫ్‌కీ ప్రింట్లో తేడా కనిపించదు. కానీ నీ దగ్గర ఒక్కసారే సేవ్ అవుతుందా? కెమెరాలోంచే జేపెగ్ వచ్చింది, అదొకటి. డిజైనర్ తెరిచి రంగు దిద్ది సేవ్ చేశాడు, రెండు. పెళ్లికూతురు మొహంలో వెలుగు ఇంకాస్త పెంచమని వాళ్ల అమ్మ చెప్పింది, మూడు. పక్కనున్న అతన్ని కత్తిరించమన్నారు, నాలుగు. ప్రతిసారీ ఆ గడుల కోత మళ్లీ మొదటి నుంచీ.

మామయ్య: తెరిచి చూసినంత మాత్రాన ఏమీ పోదు. కాపీ చేసినా పోదు. అది కూడా చెప్పు, లేకపోతే మాస్టారు రేపటి నుంచి ఫొటోలు తెరవడమే మానేస్తారు.

అమ్మాయి: నిజమే. చూసినా, కాపీ కొట్టినా పోదు. ఏమీ మార్చకుండా అదే మెట్టు మీద సేవ్ చేసినా పోయేది కొంచెమే. కత్తిరించినా, సైజు మార్చినా గడులు పక్కకి జరుగుతాయి, పాత కోత మీద కొత్త కోత పడుతుంది. నష్టం అక్కడుంది. బియ్యం పట్టించినప్పుడు పోయిన తవుడు తిరిగి గింజకి అంటదు మామయ్యా. అందుకే వడ్లు దాచుకోమంటున్నా. కెమెరా పట్టింది పట్టినట్టు దాచే రా ఫైలంటే వడ్లు. వడ్లుంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎంత పాలిష్ కావాలంటే అంత పట్టించుకోవచ్చు.

మామయ్య: ఇంటికొచ్చిన చుట్టానికి వడ్లు పెడతామా? వడ్డించేది అన్నమే కదా!

అమ్మాయి: వడ్డించేది అన్నమే. కానీ గాదెలో దాచేది అన్నమా?

ఆయన దీనికి వెంటనే బదులు చెప్పలేదు. టీ తెప్పించాడు.

అమ్మాయి: మండపంలో లైట్లు పసుపుగా ఉంటాయి. మగపెళ్లి వారి తెల్ల పంచెలన్నీ నారింజ రంగులో పడతాయి. జేపెగ్‌లో ఆ పసుపు లోపలికంటా ఇంకిపోయి ఉంటుంది. రంగుకి ఉన్నవే 256 మెట్లు. దిద్దడానికి ఎక్కువ లాగితే పంచె మడతలు చెరిగిపోయి తెల్లకాగితంలా అవుతుంది. రా ఫైల్లో 14 బిట్లంటే 16,384 మెట్లు. 12 బిట్లయినా 4,096. ఏ తెలుపుని తెలుపు అనాలో తర్వాత తీరిగ్గా చెప్పుకోవచ్చు. రిసెప్షన్లో వెనక తెర నీలం నుంచి నలుపుకి మెల్లగా దిగుతుంది చూడు, దాన్ని జేపెగ్‌లో ఒకటికి రెండుసార్లు దిద్దితే చారలు పడతాయి. నీ ఆల్బమ్‌లోనే చూపిస్తా, కావాలంటే.

మామయ్య: చారలు పడ్డవి ఉన్నాయి. దాచను. కానీ ఖర్చు మాట? పెళ్లికి మూడు వేల క్లిక్కులు. రా ఫైలు ఒక్కోటి 25 నుంచి 30 ఎంబీ. పెళ్లికి 75 నుంచి 90 జీబీ. ఏడాదికి నలభై పెళ్లిళ్లు చేస్తే మూడు టీబీ దాటిపోతుంది. డిస్కు కొనాలి, దానికి జోడీ ఇంకోటి కొనాలి. ఆల్బమ్ డబ్బులే బేరమాడి ఇస్తారు. డిస్కు డబ్బులు ఎవరిస్తారే?

అమ్మాయి: అన్నీ దాచమన్నానా? ఆల్బమ్‌కి ఎంచుకునేవి మూడొందలు, నాలుగొందలు. వాటి రా ఫైళ్లు 12 జీబీకి మించవు. అవి దాచు చాలు. రాజా దీన్‌దయాళ్ పేరు నువ్వే నాకు చెప్పావు, చిన్నప్పుడు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు, 1905లో పోయాడు. ఆయన గాజు పలకల నెగటివ్‌లు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఇంకా ఉన్నాయి. ఆయన పోయి వందేళ్లు దాటినా ఆ పలకల నుంచి కొత్త ప్రింటు తీయొచ్చు. నువ్వు డార్క్‌రూమ్‌లో ఉన్నప్పుడు నెగటివ్‌లు కవర్లో పెట్టి కస్టమరు పేరు రాసి ఉంచేవాడివి కదా. ఇప్పుడెందుకు మానేశావు?

మామయ్య: (కొంచెం ఆగి) నెగటివ్ చేతికి తగిలేది తల్లీ. ఫైలు తగలదు. అందుకే దాని విలువ తెలియలేదేమో. ఎంచుకున్నవి దాచే మాట ఒప్పుకుంటా. కానీ ల్యాబుకి పంపేది మాత్రం జేపెగ్గే.

అమ్మాయి: పంపు, 10కి తగ్గించకుండా.

మామయ్య: 12 అక్కర్లేదా?

అమ్మాయి: 12 పెడితే బరువు ఒకటిన్నర, రెండు రెట్లవుతుంది. ప్రింట్లో తేడా కనపడదు. అందుకు బదులు రంగుల కొలత చెప్పే ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్ ఫైల్లో ఉందో లేదో చూసుకో. అడోబీ ఆర్‌జీబీలో దిద్ది, ప్రొఫైల్ పెట్టకుండా పంపితే కుంకుమ ఎరుపు ఇటుక రంగులో వస్తుంది. అప్పుడు ల్యాబుని తిడతాం, జేపెగ్‌ని తిడతాం.

ఇక్కడ నేను ఆపి నా అనుమానం అడిగాను. ఫైలు ప్రాపర్టీస్‌లో 72 డీపీఐ అని ఉంది, దాన్ని 300 చేస్తే సరిపోతుందా అని. ఇద్దరూ ఒకేసారి తలలు అడ్డంగా ఊపారు. ఆ పూట వాళ్లిద్దరూ మొదటిసారి ఏకమైంది అప్పుడే.

మామయ్య: అది సీసా మీద అంటించిన చీటీ మాస్టారూ. చీటీ మారిస్తే లోపలి నూనె మారదు. ఉన్న చుక్కలెన్ని, వేసే అంగుళాలెన్ని, భాగించుకోండి. మీ ఫొటో వెడల్పు 1200. పటం వెడల్పు 16 అంగుళాలు. అంగుళానికి 75 చుక్కలు. ఎత్తులో కాస్త కత్తిరించినా లెక్క అదే. ఫ్లెక్సీ అయితే ఇది చాలు, రోడ్డు అవతల నుంచి చూస్తారు గనక. ఇంట్లో పటం ముందు నిలబడి దణ్ణం పెట్టుకుంటారు. అంత దగ్గర్లో 75 చాలదు. దీన్ని అచ్చంగా వేయాలంటే నాలుగు బై ఐదు సైజులో వేస్తా, ముచ్చటగా ఉంటుంది.

అమ్మాయి: మీరు తెచ్చిన ఫైల్లో తప్పు రెండు చోట్ల జరిగింది. గ్రూపులోకి ఎక్కినప్పుడు పిక్సెళ్లు కోసేశారు, అదే పెద్ద దెబ్బ. మిగిలినవాటిని గట్టిగా కుదించారు, అది రెండో దెబ్బ. ఫార్మాట్ మార్చి ఈ రెంటిలో ఏదీ బాగుచేయలేం. టిఫ్ చేసినా అంతే.

నేను: మరి దారి?

అమ్మాయి: అసలు ఫొటో తీసిన ఫోన్ ఉందా?

తమ్ముడికి అక్కడికక్కడే ఫోన్ చేశాను. మనకి పొద్దున పదకొండున్నర, వాడికి అర్ధరాత్రి. పడుకోలేదు. పాత ఫోన్ సొరుగులో ఉందట. కొత్తది కొన్నాక దాన్ని షాపులో ఇచ్చేద్దామని పక్కన పెట్టాడట, ఈ శనివారం. నాకు చేతులు చల్లబడ్డాయి.

అమ్మాయి: మీ తమ్ముడికి చెప్పండి, గ్యాలరీలోంచి ఫొటోగా పంపొద్దని. డాక్యుమెంట్‌గా అయినా, డ్రైవ్‌లో పెట్టి లింకుగా అయినా పంపమనండి. అప్పుడు ఫైలుని ఎవరూ ముట్టుకోరు.

పావుగంటలో వచ్చింది. ఫైలు పేరు చివర హెచ్‌ఈఐసీ అని ఉంది.

మామయ్య: ఇదిగో మళ్లీ! ఈ హెచ్‌ఈఐసీ నా సిస్టంలో తెరుచుకోదు. కస్టమర్లు తెస్తారు, నేను తిప్పి పంపిస్తా.

అమ్మాయి: తిప్పి పంపడం వల్లే వాళ్లు గ్రూపులో పెట్టి, చెడగొట్టి తెస్తున్నారు. 2017 నుంచి ఐఫోన్లు మామూలుగా తీసేది ఇందులోనే. అదే నాణ్యత, దాదాపు సగం బరువు. దీని మీద నీకు కోపం దేనికి? ఇది తెరుచుకునే సాఫ్ట్‌వేర్ పెడతా. ఒక్కసారి తెరిచి, దిద్దాల్సింది దిద్ది, టిఫ్‌గా దాచి, ప్రింటుకి మాత్రం జేపెగ్ తీద్దాం.

బరువు 2 ఎంబీ చిల్లర. నేను తయారుచేసిన పీఎన్‌జీ కంటే తక్కువ. పిక్సెళ్లు మాత్రం 3024 బై 4032. పదహారు అంగుళాల వెడల్పుకి పంచితే అంగుళానికి 189 చుక్కలు. 300 కాదు. గోడ మీద పటానికి చాలునని మామయ్య, ఇంకాస్త ఉంటే బాగుండేదని అమ్మాయి. అక్కడా ఇద్దరికీ కుదరలేదు.

ప్రింటు తీసేలోగా శుభలేఖ పని మీద ఒకాయన వచ్చాడు. ఫోన్లో జేపెగ్ చూపించి, దీన్నే అచ్చు వేయమన్నాడు. అమ్మాయి ఆయనకి ‘చిరంజీవి’లో ‘చి’ని పెద్దది చేసి చూపించింది. గుడి చుట్టూ దుమ్ము పట్టినట్టు చుక్కలు. అక్షరాలకి జేపెగ్ సరిపడదని, డిజైన్ చేసిన వాళ్ల దగ్గర నుంచి అక్షరాలు అక్షరాలుగానే ఉన్న పీడీఎఫ్ తెమ్మని చెప్పింది. ఈ మాట మామయ్య కూడా కాదనలేదు.

వాళ్లిద్దరిలో ఎవరిది పైచేయి అని నన్నడిగితే, అచ్చు వరకూ మామయ్య మాటకే ఓటు వేస్తాను. భూతద్దం పెట్టి నేనే చూశాను గనక. కానీ ఆ శనివారం ఆ పాత ఫోన్ షాపుకి వెళ్లిపోయి ఉంటే, మామయ్య అనుభవం మొత్తం కలిపినా అమ్మని 75 చుక్కల్లోంచి బయటికి తేలేకపోయేది. అందుకని ఆ అమ్మాయి వడ్ల మాట నాలో ఎక్కువ నిలిచింది.

మూడో రోజు పటం ఇంటికొచ్చింది. చీర అంచులో జరీ గీత గీతగా ఉంది. బేసరిలో రాళ్లు లెక్కపెట్టాను. ఏడు. నడిమి రాయి కొంచెం పక్కకి ఒరిగి ఉంటుందని మా చెల్లి ఎప్పుడూ అనేది. ఒరిగే ఉంది.

మీ ఇంట్లో పెద్దవాళ్ల మంచి ఫొటో ఒకటి ఉండే ఉంటుంది. అది ఎవరి ఫోన్‌తో తీశారో గుర్తు తెచ్చుకుని, వాళ్లు ఆ ఫోన్ మార్చకముందే అసలు ఫైలు తెప్పించుకుని రెండు చోట్ల దాచండి.